విమానం సరే... నడుం వాల్చేదెక్కడ?

రాత్రి రెండున్నర దాటింది. మహానగర విమానాశ్రయం బయట ట్రాలీల వరుస పక్కన చిన్న సిమెంటు గట్టు. బళ్లారి వైపు పల్లె నుంచి వచ్చిన ఓ పెద్దాయన తలకు తువ్వాలు చుట్టుకుని దానిమీద కూచున్నాడు. పక్కనే ఆయన భార్య సూట్‌కేసు మీద తల ఆనించి కునుకు తీస్తోంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి ప్రయాణం. విమానం ఉదయం తొమ్మిదిన్నరకు. ఊళ్లో మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రి పదకొండుకు ఇక్కడ దిగారు. టైము ఇంకా చాలా ఉందంటూ గేటు దగ్గర సిబ్బంది లోపలికి పంపలేదు. దగ్గర్లోని హోటల్లో అడిగితే గది అద్దె విని వెనక్కి తిరిగారు. ''యాడ పండుకునేది నాయినా? తెల్లారేదాకా ఇట్లే కూచోవల్ల'' అని ఫోన్లో కొడుక్కి చెబుతున్నాడు.

ఇది ఒక్క బళ్లారి వాళ్ల కష్టం కాదు. బరంపురం నుంచి వచ్చినాయన విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఇదే మాట అంటాడు. షోలాపూర్ మగ్గాల వీధి కుర్రాడు ముంబయిలో అంటాడు. యానాం నుంచి గల్ఫ్‌కు పనికెళ్లే ఆడమనిషి శంషాబాద్‌లో అంటుంది. యాస మారుతుంది, మాట మారదు. ''ఎక్కడ పడుకోవాలి?''

టికెట్ కొనడానికి పదిమందిని అడుగుతారు. పాస్‌పోర్టు, వీసా, బట్టలు, పచ్చళ్లు, పొడులు అన్నీ సర్దుకుంటారు. దారి మధ్యలో గడపాల్సిన ఆ ఎనిమిది గంటలో, పద్నాలుగు గంటలో ఎక్కడ ఎలా గడుస్తాయన్నది మాత్రం ఎవరూ అడగరు. ఇల్లు అలకగానే పండగ కానట్టే, టికెట్ చేతికి రాగానే ప్రయాణం కుదిరినట్టు కాదు. ఇందులో ప్రయాణికుడి పొరపాటు కొంత ఉంది. విమానాశ్రయాలు కట్టినవారి పొరపాటు అంతకంటే ఎక్కువే ఉంది.

సరిహద్దు వాళ్లకే ఎందుకీ తిప్పలు?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవారికి విమాన ప్రయాణమంటే ఇంటి నుంచి టాక్సీ, ఆపై విమానం. సరిహద్దు జిల్లాల వారికి అలా కుదరదు. బళ్లారి నుంచి బెంగళూరు సుమారు 300 కిలోమీటర్లు. షోలాపూర్ నుంచి హైదరాబాద్ కూడా ఇంచుమించు అంతే. హోసూరు బెంగళూరుకు ఆనుకునే ఉన్నా విమానాశ్రయం ఉన్నది నగరానికి అవతలి పక్క దేవనహళ్లిలో. ఊరంతా దాటి పోవాలి. యానాం వాళ్లు ముందు రాజమండ్రో విశాఖో చేరాలి. అక్కడ చిన్న విమానం ఎక్కి హైదరాబాద్ చేరాలి. అసలు ప్రయాణం మొదలయ్యేది ఆ తర్వాతే.

అంటే ఒక్క ప్రయాణంలో మూడు ముక్కలు. బస్సు లేదా రైలు, దేశంలో తిరిగే విమానం, ఆపై విదేశీ విమానం. ఈ మూడింటి టైములు ఒకదానికొకటి పొసగవు. చిన్న ఊళ్ల విమానాలు ఎక్కువగా పగటిపూట తిరుగుతాయి. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో లేస్తాయి. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు బయల్దేరినప్పుడు సిమ్లాతో పాటు కడప, నాందేడ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ రెండు ఊళ్లనూ హైదరాబాద్‌తో కలిపారు. సంతోషించాల్సిన విషయమే. అయితే మధ్యాహ్నం హైదరాబాద్‌లో దిగినవాడు తెల్లవారుజామున మస్కట్ విమానం ఎక్కేదాకా ఎక్కడుండాలన్న సంగతి ఏ పథకంలోనూ రాయలేదు.

ఒక విమానం దిగి మరో విమానం ఎక్కేదాకా ఆగే సమయాన్ని ఇప్పుడు లేఓవర్ అంటున్నారు. దానికి తెలుగులో ఏనాటి నుంచో మంచి మాటే ఉంది... మజిలీ. కాలినడకన కాశీకి పోయేవాడు బయల్దేరేముందే మజిలీలు లెక్కేసుకునేవాడు. ఏ ఊళ్లో సత్రముంది, ఏ ఊళ్లో బావి ఉంది, ఎక్కడ వండుకోవచ్చు అని ముందే తెలుసుకునేవాడు. విమానం వచ్చాక వేగం పెరిగింది గానీ ఆ లెక్క మాత్రం తప్పింది.

నిద్ర లేకపోతే ఏమవుతుంది?

ఒక్క రాత్రి మేలుకుంటే కొంప మునుగుతుందా అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. షుగరున్న అరవై అయిదేళ్ల మనిషికి తిండి వేళ తప్పి, మాత్ర వేళ తప్పి, నిద్ర కూడా తప్పితే ఏమవుతుందో ఇంట్లోవాళ్లకు తెలుసు. గంటల తరబడి కుర్చీలో కదలకుండా కూచుంటే కాళ్లు వాస్తాయి. గల్ఫ్‌కు పనికెళ్లే కుర్రాడి సంగతి వేరే. రెండు రాత్రులు నిద్రలేకుండా దిగి, మర్నాడే ఎండలో పనికి ఎక్కాల్సి రావచ్చు. పరంజా మీద నిలబడి పనిచేసేవాడికి నిద్రమత్తు ఎంత ప్రమాదమో చెప్పాలా?

ఇంకో ప్రమాదం ఉంది. అలసిన మనిషి సరిగ్గా విమానం వేళకే ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు. గేటు మారిందన్న ప్రకటన ఇంగ్లీషులో వస్తుంది, అరబ్బీలో వస్తుంది. తెలుగులో రాదు. పైగా చాలా పెద్ద విమానాశ్రయాల్లో ఇప్పుడు ప్రకటనలే తగ్గించేశారు. బోర్డు చూసుకోవాల్సిందే. కళ్లు తెరిచేసరికి విమానం వెళ్లిపోయి ఉంటే కొత్త టికెట్ ఖర్చు, అక్కడ చేరాల్సిన ఉద్యోగం, వీసా గడువు అన్నీ చిక్కులో పడతాయి. ఒళ్లో పెట్టుకున్న పాస్‌పోర్టు సంచి ఆ నిద్రలో జారిపోతే ఇక చెప్పనక్కర్లేదు.

రెండు వేలు మిగిలిందా?

ఏజెంట్లు, కంప్యూటర్ ముందు కూచున్న కొడుకులు, కూతుళ్లు అందరూ మొదట చూసేది టికెట్ ధరే. మధ్యలో పద్నాలుగు గంటలు ఆగే టికెట్ రెండు వేలో మూడు వేలో తక్కువకొస్తుంది. దాన్నే కొంటారు. ఆ పద్నాలుగు గంటల్లో రెండు పూటల భోజనం, నాలుగు కాఫీలు, తప్పనిసరై గది తీసుకుంటే దాని అద్దె... ఇవన్నీ కలిపితే మిగిలిందెంత? ముందు ఆ కూడిక వేసి తర్వాత టికెట్ కొనాలి. అమ్మానాన్నలను పిలిపించుకునే పిల్లలు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. పాతికేళ్ల వయసులో తాము నేలమీద పడుకుని వెళ్లాం గదా అని అరవై దాటినవారికీ అదే టికెట్ తీస్తే ఎలా?

ఒక చిన్న లెక్క పెట్టుకోవచ్చు. మధ్యలో మూడు నాలుగు గంటలే ఉంటే గది గురించి ఆలోచించే పనిలేదు. టెర్మినల్ మారి, మళ్లీ తనిఖీ చేయించుకునేసరికే ఆ టైము గడిచిపోతుంది. అయిదారు గంటలు, అదీ పగలైతే మంచి కుర్చీ, భోజనం చాలు. లాంజ్‌కు పోయే వీలుంటే పోవచ్చు. కొన్ని బ్యాంకు కార్డుల మీద లోపలికి రానిస్తారు. అయితే లాంజ్ కూచోడానికే గానీ పడుకోడానికి కాదు. చాలాచోట్ల రెండు మూడు గంటలు దాటితే లేవమంటారు. ఎనిమిది గంటలు దాటినా, రాత్రి పన్నెండు నుంచి తెల్లారి అయిదు దాకా మధ్యలో పడినా గది చూసుకోవాల్సిందే. గది పెట్టుకునే స్తోమత లేకపోతే ఆ టికెట్ వద్దనుకోవడమే మేలు.

గీతకు ఇవతలా, అవతలా?

బెంగళూరు, హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ వంటి చోట్ల గంటల లెక్కన గదులిచ్చే హోటళ్లు విమానాశ్రయాల్లోనే వచ్చాయి. దుబాయ్ మూడో టెర్మినల్ లోపల హోటల్ ఉంది. 2014లో మొదలైన దోహా హమద్ విమానాశ్రయంలో హోటల్‌తో పాటు ఊరికే వాలి పడుకునేందుకు నిశ్శబ్ద గదులూ ఉన్నాయి. సింగపూర్ చాంగీలో ఉచిత విశ్రాంతి స్థలాలకు మంచి పేరుంది. ఇవి ఉన్నాయని తెలిస్తే చాలదు. గీతకు ఏ పక్కన ఉన్నాయో తెలియాలి.

ఆ గీత ఇమిగ్రేషన్. విదేశంలో విమానం మారేవారు ఇమిగ్రేషన్ దాటి బయటికి పోకుండా లోపలే ఉంటే గల్ఫ్ విమానాశ్రయాల్లో మామూలుగా వీసా అడగరు. లోపలున్న హోటల్‌కు పోవచ్చు. హోటల్ బయట ఉంటే వీసా కావాలి. ఇది చూసుకోకుండా ఇంటర్నెట్‌లో ఎయిర్‌పోర్ట్ హోటల్ అని పేరు చూసి డబ్బు కట్టేస్తే, లోపలున్న మనిషి ఆ గదికి చేరలేడు. డబ్బు పోతుంది, నిద్రా పోతుంది.

టికెట్లు విడివిడిగా కొన్నవారికి ఇంకో చిక్కు. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే సామాను చాలావరకు నేరుగా చివరి ఊరికి వెళ్తుంది. రెండో బోర్డింగ్ పాస్ కూడా మొదటే ఇస్తారు. విడి టికెట్లైతే సామాను తీసుకోవడానికి బయటికి రావాలి. బయటికి రావాలంటే వీసా కావాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే అడిగే నాథుడు ఉండడు. దుబాయ్‌లోనే రెండో టెర్మినల్ రన్‌వేలకు అవతలి పక్క ఉంది. ఏ టెర్మినల్లో దిగి ఏ టెర్మినల్లో ఎక్కాలో టికెట్ మీదే ఉంటుంది, చూడాలి.

కొన్ని దేశాల్లో విమానం మారడానికే వీసా ఉండాలి. అమెరికాలోనైతే బయటికి పోకుండా విమానం మారే పద్ధతే లేదు. మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ ముగించుకోవాలి. మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు కూడా సాధారణంగా అంతే. ముంబయిలో దిగి హైదరాబాద్ విమానం ఎక్కాల్సినవారు ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముంబయిలోనే పూర్తిచేసుకుని, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడి రెండు టెర్మినళ్లు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఒకదాని నుంచి మరోదానికి రోడ్డు మీద పోవాలి. ముంబయి ట్రాఫిక్ సంగతి షోలాపూర్, భివండి తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు.

అడిగితేనే ఇస్తారు

మజిలీ టికెట్‌లోనే రాసి ఉంటే అది ప్రయాణికుడు తెలిసి ఒప్పుకున్నది. విమానం ఆలస్యమై రాత్రంతా కూచోవాల్సి వస్తే సంగతి వేరు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2010లో తెచ్చి, తర్వాత సవరించిన నిబంధనల్లో ప్రయాణికుడికి కొన్ని హక్కులున్నాయి. వేళకు చెకిన్ అయినవారికి, రెండున్నర గంటల లోపు దూరం పోయే విమానం రెండు గంటలు ఆలస్యమైతే టిఫినో భోజనమో పెట్టాలి. ఆలస్యం 24 గంటలు దాటితే హోటల్ గది, రానుపోను బండి ఉచితంగా ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయల్దేరాల్సిన విమానమైతే ఆరు గంటలు దాటినా గది ఇవ్వాల్సిందే. వాతావరణం వంటి, విమాన సంస్థ చేతుల్లో లేని కారణాలైతే నష్టపరిహారం విషయంలో మినహాయింపులున్నాయి.

ఈ నిబంధన తెలిసిన సరిహద్దు ప్రయాణికులు ఎందరు? కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో గట్టిగా అడిగినవాడికి గది దొరుకుతుంది. కన్నడం, తెలుగు తప్ప రాని పెద్దాయన కుర్చీలోనే ఉండిపోతాడు. పక్కనున్న చదువుకున్న కుర్రాళ్లు ఆయన తరఫున ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు. గది ఇవ్వకపోతే బోర్డింగ్ పాస్, బిల్లులు దాచుకుని ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్ని విదేశీ సంస్థలు మజిలీ బాగా ఎక్కువుంటే తామే హోటల్ ఇస్తాయి. దానికి షరతులుంటాయి. ముందుగా అడిగి రాయించుకోవాలి. అక్కడికి పోయాక అడిగితే కుదరకపోవచ్చు.

సత్రాలు కట్టినవారి వారసులేరి?

ఇదంతా ప్రయాణికుడు చేసుకోవాల్సింది. ఏర్పాట్లు చేయాల్సినవారి సంగతేమిటి?

రైలు వచ్చిన రోజుల్లో ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎక్కడ పడుకుంటాడన్న ఆలోచన ఊరి పెద్దలకు వచ్చింది. బెంగళూరు రైల్వే స్టేషన్ ఎదుట గుబ్బి తోటదప్ప సత్రం అలా వెలిసిందే. మద్రాసు సెంట్రల్ దగ్గర రామస్వామి మొదలియార్ సత్రమూ అంతే. యానాంకు ఆ పక్కనే కోనసీమలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ వండిపెట్టింది. వీరెవరూ ప్రయాణికుడి చేతిలో బోర్డింగ్ పాస్ ఉందా అని చూడలేదు.

ఆ మాటకొస్తే తిరుమలలో ఇప్పటికీ యాత్రికుల వసతి సముదాయాల్లో గది దొరకనివాడికి లాకరు, పడుకోడానికి చోటు ఉచితంగా దొరుకుతాయి. రైల్వే స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. ముంబయి సెంట్రల్ స్టేషన్లో 2021లో పాడ్ హోటల్ కూడా తెరిచారు. బెంగళూరులో హజ్ యాత్రికుల కోసం విమానాశ్రయం దారిలోనే హజ్ భవన్ ఉంది. దూరపు జిల్లాల వారు ముందురోజే వచ్చి అక్కడ ఉండి, నెమ్మదిగా విమానం ఎక్కుతారు. అంటే చేయాలనుకుంటే చేయలేని పని కాదన్నమాట.

విమానాశ్రయంలో టీ ధర చూసి జనం గగ్గోలు పెట్టాక 2024 డిసెంబరులో కోల్‌కతాలో, 2025 ఫిబ్రవరిలో చెన్నైలో ఉడాన్ యాత్రీ కెఫేలు తెరిచారు. పది రూపాయలకు టీ, ఇరవై రూపాయలకు సమోసా. విమానం ఎక్కేవాళ్లంతా డబ్బున్నవాళ్లు కారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. పది రూపాయల టీ అవసరమైనవాడికి వేల రూపాయల గది ఎలా అందుతుంది? టీ తర్వాత అడగాల్సింది మంచమే.

అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. తనిఖీ గేటుకు ఇవతల, బస్సు దిగే చోట ఒక డార్మిటరీ. ఆడవారికి వేరు, మగవారికి వేరు. శుభ్రమైన మరుగుదొడ్డి, లాకరు, వేళకు లేపే ఏర్పాటు. ఆరు గంటలకో పన్నెండు గంటలకో ఇంత అని, రైల్వే డార్మిటరీ స్థాయి ధర. ఇరవై నాలుగు గంటల్లో విమానం ఉన్నట్టు టికెట్ చూపిస్తే చాలు. బెంగళూరు, చెన్నై విమానాశ్రయాల్లో దాన్ని చూపించే బోర్డు మీద కన్నడం, తమిళం, ఇంగ్లీషు పక్కన తెలుగులో ఒక్క వరుస.

బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాలు ప్రైవేటు సంస్థల నిర్వహణలో ఉన్నాయి, వాటికి ఇందులో లాభమేముందని ఎవరైనా అనొచ్చు. సరే, చెన్నై విమానాశ్రయం ప్రభుత్వ రంగంలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలోనే ఉంది గదా, అక్కడ మొదలుపెట్టవచ్చు. భద్రతకు ఇబ్బంది అంటారు. గేటుకు ఇవతల గట్ల మీద, మెట్ల మీద ఎవరో తెలియని జనం తెల్లవార్లూ పడి ఉండటం కంటే, టికెట్, గుర్తింపు కార్డు చూసి పేరు రాసుకుని లోపల పడుకోబెట్టడమే భద్రత.

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. బెంగళూరు, చెన్నై, ముంబయిలలో తెలుగు సంఘాలకు, కుల సంఘాలకు సొంత భవనాలు, కల్యాణ మండపాలు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఒక హాలు, ఇరవై పరుపులు, ఒక కాపలాదారు... ఇంతే కావాల్సింది. చెన్నైలో విమానాశ్రయం నుంచి సెంట్రల్‌కు పగటిపూట మెట్రో నేరుగా ఉంది. బెంగళూరులో వాయు వజ్ర బస్సులు, హైదరాబాద్‌లో పుష్పక్ బస్సులు ఊళ్లోకి తిరుగుతున్నాయి. ఉగాదికి సన్మానాలు, కార్తీకంలో వనభోజనాలు ఘనంగా చేసే సంఘాలు, బళ్లారి నుంచో కోలారు నుంచో వచ్చిన ముసలివాళ్లకు ఒక రాత్రి చాప వేయలేవా?

అప్పటిదాకా బయల్దేరేవారు చేయగలిగింది ఒకటుంది. టికెట్ కొనేటప్పుడే మజిలీ ఎక్కడ, ఎన్ని గంటలు, పగలా రాత్రా, ఏ టెర్మినల్, గదికి ఎంత అని ఒక కాగితం మీద రాసుకోవాలి. మాత్రలు, ఒక దుప్పటి, ఫోన్ ఛార్జరు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. కొడుకు నంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా ఉండాలి. విమానం వేళకు లేపమని పక్కవారికి చెప్పడంతో పాటు అలారం పెట్టుకోవాలి.

గట్టు మీద కూచున్న ఆ పెద్దాయన ఆరు గంటలకు గేటు దగ్గరికి నడిచాడు. వంగి సామాను ఎత్తబోతే నడుం పట్టేసింది. విమానాశ్రయం లోపల గోడకు స్వాగతం అని పెద్ద బోర్డు ఉంది. అతిథికి స్వాగతం చెప్పినవాళ్లు మంచం కూడా చూపించడం తెలుగు ఇళ్లలో మర్యాద. ఆ మర్యాద విమానాశ్రయాలకు ఎప్పుడొస్తుంది?